గాట్స్‌బీ కోరినది ధనమా, పేరా? – ఒక అమెరికా నవలపై కోనసీమ సంఘాల దృష్టితో పరిశీలన

1. ఉపోద్ఘాతం

ధనాన్ని గురించి నేటి తెలుగు సంఘాల్లో రెండు రకాల బోధ వినిపిస్తున్నది. ధనాశ పాపమని ఖండించి అంతటితో ముగించే బోధ ఒకటి. ఐశ్వర్యం విశ్వాసికి దేవుడు వాగ్దానం చేసిన హక్కు అని ప్రకటించే బోధ మరొకటి. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. అయితే రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. మనిషి ధనాన్ని ఎందుకు కోరుతున్నాడు, దాని ద్వారా ఏమి పొందదలచాడు అనే ప్రశ్నను ఈ రెండు బోధలూ అడగవు. ఆ ప్రశ్నను నిశితంగా అడిగిన సాహిత్య గ్రంథాల్లో అమెరికా రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' ఒకటి. అది 1925 ఏప్రిల్ 10న వెలువడింది.

అమెరికా కల భంగపడిన కథగా ఈ నవలను చదవటం విశ్వవిద్యాలయాల్లో పరిపాటి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘాల్లో పరిచర్య చేసేవారు దీనిని చదివితే ఏమి కనబడుతుందో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. గాట్స్‌బీ కోరినది ధనం కాదు. ధనం సంపాదించి పెడుతుందని అతడు నమ్మిన పేరు, అంగీకారం. పేదరికం నుండి పైకి రావాలనుకోవటం అతని పతనానికి కారణం కాదు. తనకు ఎన్నటికీ తలుపు తీయనివారి గుమ్మంలోనే తన విలువను వెదకటం కారణం. ఈ రెంటికీ మధ్యనున్న తేడాను గుర్తించని ప్రసంగం పేదవాని న్యాయమైన ఆశ మీద కూడా పాపమనే ముద్ర వేస్తుంది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదన.

2. కథా సంగ్రహం

కథ 1922 వేసవిలో న్యూయార్క్ సమీపంలో జరుగుతుంది. కథను చెప్పేవాడు నిక్ కారవే. అతని పొరుగున పెద్ద భవంతిలో ఉండే జే గాట్స్‌బీ ప్రతి వారాంతం వందలాది మందికి విందు చేస్తాడు. వచ్చేవారిలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. ఆయన అసలు పేరు జేమ్స్ గాట్జ్; ఉత్తర డకోటాలోని పేద రైతు కుమారుడు. సైన్యంలో ఉండగా డెయిజీ అనే సంపన్న యువతిని ప్రేమించాడు. అతడు యుద్ధానికి వెళ్ళిన తరువాత ఆమె తరతరాల ఆస్తిపరుడైన టామ్ బుకానన్‌ను పెండ్లాడింది. ఆమెను తిరిగి పొందటానికే గాట్స్‌బీ ఈ సంపద అంతా కూడబెట్టాడు. డెయిజీ నివసించే ఒడ్డుకు ఎదురుగా, నీటికి ఇవతల ఇల్లు కొన్నాడు. ఆమె ఇంటి రేవు చివర వెలిగే ఆకుపచ్చ దీపాన్ని రాత్రివేళ చూస్తూ నిలబడతాడు.

ఆ సంపదకు మూలం దొంగ సారా వ్యాపారం. మద్యనిషేధం అమెరికాలో 1920 నుండి 1933 వరకు అమలులో ఉంది. దానికోసం దశాబ్దాల పాటు పోరాడినవారిలో ప్రొటెస్టెంట్ సంఘాలు, క్రైస్తవ స్త్రీల సమాజాలు ముందున్నాయి. సంఘం కోరి తెచ్చుకున్న చట్టం చాటునే గాట్స్‌బీ వంటివారు ధనవంతులయ్యారన్నది సంఘ చరిత్ర విద్యార్థులు గమనించదగిన విషయం.

చివరకు డెయిజీ నడుపుతున్న గాట్స్‌బీ కారు క్రింద టామ్ ఉంపుడుగత్తె మర్టిల్ చనిపోతుంది. ఆమె భర్త జార్జి విల్సన్ కారు యజమానే దోషి అనుకొని గాట్స్‌బీని కాల్చి, తననూ కాల్చుకుంటాడు. డెయిజీ, టామ్ ఊరు విడిచి వెళ్ళిపోతారు. డెయిజీ ఒక్క పువ్వు కూడా పంపలేదు.

3. పేరు మార్చుకున్న మనిషి

జేమ్స్ గాట్జ్ తన 17వ ఏట పేరు మార్చుకున్నాడు. రచయిత ఈ సంఘటనను వర్ణిస్తూ వేదాంత విద్యార్థి దాటిపోలేని మాట వాడాడు. గాట్స్‌బీ తనను గూర్చి తానే చేసుకున్న కల్పనలోనుండి పుట్టాడని చెప్పి, అతనిని దేవుని కుమారుడని పిలిచాడు. దేవాలయంలో పండ్రెండేండ్ల యేసు తన తండ్రి పనిని గూర్చి చెప్పిన మాటను (లూకా 2:49) కూడా గాట్స్‌బీకి అన్వయించాడు. అయితే ఇక్కడ ఆ తండ్రి పని ఏమిటంటే, వెలుగు జిలుగుల సౌందర్యానికి ఊడిగం చేయటం. ఇది కేవలం వ్యంగ్యం కాదు. కన్నవారిని మనసులో తండ్రిగా, తల్లిగా అంగీకరించలేక, తనను తానే కనిన మనిషి స్థితిని గూర్చిన నిర్ధారణ ఇది.

ఈ సందర్భంలో ఫిట్జెరాల్డ్ 1924లో ప్రచురించిన 'అబ్సొల్యూషన్' అనే కథ ప్రస్తావించదగినది. మొదట దానిని గాట్స్‌బీ బాల్యంగా ఉద్దేశించి, తరువాత నవల నుండి తొలగించానని ఆయనే తెలిపాడు. అందులో ఒక కతోలిక బాలుడు పాపసంకీర్తనంలో గురువు ఎదుట అబద్ధమాడి భయపడతాడు. తనకొక గొప్ప పేరు పెట్టుకొని ఆ పేరు చాటున దాక్కుంటాడు. కన్న ఇంటిలోను, ప్రార్థన మందిరంలోను తనకు విలువ లేదనుకున్న పిల్లవాడు బయట ఒక పేరు వెదుక్కుంటాడన్న అంశం నవలకు పునాదిలోనే ఉందన్నమాట.

ఆదికాండము 11, 12 అధ్యాయాలను ప్రక్కప్రక్కన ఉంచి చదివితే ఈ విషయం స్పష్టమవుతుంది. బాబెలు ప్రజలు తమకు తామే పేరు సంపాదించుకోవాలని గోపురం కట్టారు (11:4). ఆ వెంటనే దేవుడు అబ్రాముకు ప్రత్యక్షమై, అతని పేరును తానే గొప్ప చేస్తానన్నాడు (12:2). పేరు కోరటాన్నే దేవుడు ఖండించినట్లయితే రెండవ వచనానికి అర్థం లేదు. పేరు కావాలన్న ఆకలి మనిషిలో ఉంది. దానిని ఎవరు తీర్చగలరన్నదే ప్రశ్న.

ఇది కోనసీమ కాపరులకు పుస్తకంలోని ప్రశ్న కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తించేటట్లు సవరించారు గాని క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతుల సి విభాగంలో ఉంచారు. ఫలితంగా బాప్తిస్మంలో పొందిన పేరు ఒకటి, బడి సర్టిఫికెట్‌లో పేరు మరొకటిగా జీవించే విశ్వాసులు మన సంఘాల్లో ఉన్నారు. గాట్జ్ తన పేరును తానే విడిచిపెట్టాడు. వీరు తమ పేరును దాచుకోవలసి వస్తున్నది. ఒకటి వ్యక్తి కల్పించుకున్న భ్రమ, మరొకటి వ్యవస్థ మోపిన భారం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి అబద్ధమని తీర్పు తీర్చే కాపరికి తన మంద తెలియదన్నమాట.

4. తెరవబడని తలుపు

గాట్స్‌బీ ధనం సంపాదించాడు. అయినా టామ్ బుకానన్ దృష్టిలో అతడు ఎక్కడి నుండి వచ్చాడో తెలియని అనామకుడే. న్యూయార్క్ హోటల్ గదిలో వారిద్దరూ ఎదురుపడిన ఘట్టం నవలకు ఆయువుపట్టు. టామ్ అక్కడ గాట్స్‌బీ సంపద మూలాన్నే కాదు, అతని పుట్టుకను కూడా ప్రశ్నిస్తాడు. ఆ మాటలు సాగుతున్నకొద్దీ డెయిజీ వెనక్కి తగ్గుతుంది. దోపిడీ, వ్యభిచారం, జాతి అహంకారం టామ్‌లోనూ ఉన్నాయి. ఐనా పాత సంపద అతని పాపాలను కప్పుతుంది. కొత్త సంపద గాట్స్‌బీ పుట్టుకను కప్పలేకపోతుంది.

కోనసీమ పాఠకునికి ఈ ఘట్టం వివరించనవసరం లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాకు వరి పంటనూ సంపదనూ ఇచ్చింది. భూమి ఉన్నవారు ధనవంతులయ్యారు. ఆ భూమిలో పనిచేసినవారు పాలేర్లుగానే మిగిలారు. 1836లో భారతదేశానికి వచ్చి ఈ డెల్టాలో సేవచేసిన బౌడెన్, బీర్ దంపతుల పరిచర్య నుండి ఎదిగిన సంఘాల్లో అత్యధికులు ఆ పనివారి సంతానమే. కాబట్టి పైకి రావాలన్న ఆశ మన సంఘాలకు బయటి నుండి వచ్చిన శోధన కాదు. సువార్తతోపాటు బడి వచ్చింది, బడితోపాటు ఆశ వచ్చింది.

ఈ ఆశకు తెలుగు సాహిత్యంలో గొప్ప రూపమిచ్చినవారు ఈ సీమవారే. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న తన 'పాలేరు' నాటకంలో, పాలేరు పిల్లవాడు చదువుకొని అధికారి కావటాన్ని చిత్రించారు. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. తన ఆత్మకథకు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు' అని పేరు పెట్టుకున్నారు. ఆ శీర్షికను గాట్స్‌బీ జీవితం ప్రక్కన ఉంచి చూడాలి. గాట్జ్ తన గతాన్ని చెరిపేసి గాట్స్‌బీ అయ్యాడు; భీమన్న పద్మశ్రీ అందుకున్న తరువాత కూడా పాలేరు అనే మాటను శీర్షికలో మొదట నిలిపారు. భీమన్న క్రైస్తవుడు కాడు. అయినప్పటికీ, ఎక్కడి నుండి వచ్చామో దాచకుండానే పైకి రావచ్చన్న సత్యాన్ని ఆయన నుండి మన యువతకు బోధించవచ్చు.

నేడు ఆ ఆశకు మరొక దారి గల్ఫ్. కువైట్, దుబాయి, కతారు, మస్కట్‌లకు వెళ్ళినవారు లేని పేట కోనసీమలో అరుదు. తాటాకు పాక ఉన్నచోట డాబా లేస్తుంది. గృహప్రతిష్ఠ కూడికకు కాపరిని పిలుస్తారు. ఆ డాబాను చూసి లోకాశ అనటం తేలిక. కాని తరతరాలుగా వంగి నడిచిన వీధిలో రంగువేసిన రెండంతస్తుల ఇల్లు ఒక వాక్యం వంటిది: మేమూ మనుషులమేనని అది చెబుతుంది. ఆ వాక్యంలో తప్పు లేదు. దానిని చదవవలసినవారు చదవటానికి నిరాకరిస్తే, ఇంకా పెద్ద ఇల్లు కట్టాలన్న ఆరాటం మొదలవుతుంది. గాట్స్‌బీ వ్యాధి అక్కడే ప్రారంభమవుతుంది. ఇంటికోసం చేసిన అప్పు, ఆ అప్పుకోసం మరో రెండేళ్ళ వీసా, ఆ రెండేళ్ళలో తల్లి చూడని పిల్లల ఎదుగుదల దానిని అనుసరిస్తాయి.

పేరు ఎంత విలువైనదో, ఎంత ప్రమాదకరమైనదో 2022లో ఈ సీమ చూసింది. ఆ ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో అల్లర్లు చెలరేగాయి. మంత్రి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. ఆ పేరు జిల్లాకు స్థిరపడింది. అయితే ధనమూ పదవీ ఉన్న ఇల్లు కూడా పేరును గూర్చిన ద్వేషం ముందు రక్షణ కాలేదన్న సంగతి మన సంఘాలు మరువరాదు.

5. చూడని కళ్ళు, సంఘం లేని మనిషి

రెండు సంపన్న ఊళ్ళకూ నగరానికీ మధ్య, రోడ్డు ప్రక్కన బూడిద పోసిన మైదానం ఉంది. అక్కడ కారు షెడ్డు నడుపుకొనే పేదవాడు జార్జి విల్సన్. దాని పైన ఒక కళ్ళ వైద్యుని పాత ప్రకటన బోర్డు నిలిచి ఉంది: ముఖం లేని రెండు పెద్ద కళ్ళు, కళ్ళజోడు. భార్య చనిపోయిన రాత్రి విల్సన్ ఆ కళ్ళను చూసి, దేవుడు సమస్తం చూస్తున్నాడంటాడు. ప్రక్కనున్న మికేలిస్, అది ప్రకటన మాత్రమేనని చెబుతాడు.

విమర్శకులు ఈ బోర్డును గూర్చి విస్తారంగా వ్రాశారు. దానికి ముందున్న చిన్న సంభాషణ కాపరులకు అంతకంటె ముఖ్యమైనది. నీకు ఏదైనా సంఘం ఉందా, ఎంతోకాలంగా వెళ్ళకపోయినా సరే, ఫోను చేసి పాదిరిని పిలిపిస్తానని మికేలిస్ అడుగుతాడు. తాను ఏ సంఘానికీ చెందనని విల్సన్ జవాబిస్తాడు. ఇటువంటి సమయాల కోసమైనా ఒక సంఘం ఉండాలని మికేలిస్ అంటాడు. తెల్లవారేవరకు కనిపెట్టుకొని ఉండి, నిద్రకోసం ఇంటికి వెళ్ళి, కొన్ని గంటల తరువాత తిరిగివచ్చేసరికి విల్సన్ లేడు. ఆ మధ్యకాలంలోనే హత్యకు బయలుదేరాడు. సంఘం లేనిచోట ప్రకటన బోర్డు దేవుడైంది. ఆ దేవునికి కళ్ళున్నాయి గాని నోరు లేదు, చెయ్యి లేదు. అది నేరాన్ని చూస్తుంది గాని ఓదార్చదు.

దీనికి ప్రత్యామ్నాయం ఆదికాండము 16వ అధ్యాయంలో ఉంది. హాగరు పరాయి ఇంట పనిచేసే దాసి. ఆ అధ్యాయంలో అబ్రాము గాని శారయి గాని తమ సంభాషణలో ఆమెను పేరు పెట్టి పిలవరు; దాసి అంటారు. అరణ్యంలో నీటి ఊట దగ్గర యెహోవా దూత ఆమెను హాగరూ అని పిలిచాడు (16:8). తనను చూసే దేవుడని ఆమె ఆయనకు పేరు పెట్టింది (16:13). ఈ దేవుని చూపు పేరు పెట్టి పిలిచే చూపు.

రాజోలు నుండి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళిన స్త్రీకి హాగరు వృత్తాంతం దూరపు కథ కాదు. ఇంటిపని కోసం ఆ దేశాలకు వెళ్ళే స్త్రీకి 30 ఏండ్లు నిండాలన్నది భారత ప్రభుత్వ నిబంధన. అందుచేత అలా వెళ్ళేవారిలో పిల్లల తల్లులు ఎక్కువ. కఫాలా పద్ధతిలో ఆమె నివాసం, ఉద్యోగం ఒకే యజమాని మీద ఆధారపడి ఉంటాయి. ఆ తల్లి పంపిన కానుకను కవరు మీద పేరుతో సంఘంలో చదువుతాం. ఆమె పేరును ప్రార్థనలో ఎన్ని వారాలకు ఒకసారి చదువుతున్నాం?

6. సమాధి దగ్గర బోధకుడు

గాట్స్‌బీ భూస్థాపన దృశ్యంలో ఒక పాత్రను సాధారణ పాఠకుడు గమనించడు. ఆయన ఫ్లషింగ్ నుండి వచ్చిన లూథరన్ పాదిరి. ఆయనకు పేరు లేదు, మాట లేదు. మాటిమాటికీ గడియారం చూసుకుంటాడు. అరగంట ఆగుదామని నిక్ ఆయనను ప్రక్కకు పిలిచి అడుగుతాడు. ఎవరూ రారు. విందులకు వందలమంది వచ్చిన ఆ ఇంటి నుండి శవం వెంట వెళ్ళింది తండ్రి, నిక్, పనివారు కొందరు, తపాలా బంట్రోతు. చివరకు విందులకు వచ్చేవారిలో ఒక్కడు సమాధి దగ్గరకు చేరుకుంటాడు. గాట్స్‌బీ గ్రంథాలయంలోని పుస్తకాలు నిజమైనవేనని, కాని వాటి పుటలు ఎవరూ కత్తిరించి తెరవలేదని ఒకప్పుడు ఆశ్చర్యపడినవాడు అతడే. అదే ఇంట ఉచితంగా కాలం గడిపిన మరొకడు తన టెన్నిస్ బూట్లు పంపమని ఫోను చేస్తాడు.

తండ్రి హెన్రీ గాట్జ్ చేతిలో కుమారుని భవంతి ఫొటో ఉంది. పదిమందికీ చూపి చూపి అది నలిగిపోయింది. బాల్యంలో కుమారుడు ఒక పుస్తకంలో వ్రాసుకున్న దినచర్యను కూడా తండ్రి చూపుతాడు: వేకువనే లేవటం, వ్యాయామం, చదువు, పొదుపు, తల్లిదండ్రులతో మెరుగ్గా ఉండటం. అది భక్తిగల ఇంటిలోని పిల్లవాడు వ్రాసుకోదగిన పట్టిక. ఆ క్రమశిక్షణలో లోపం లేదు. ఎవరికోసం, దేనికోసం అన్న ప్రశ్నకు మాత్రం ఆ పట్టికలో చోటు లేదు.

రచయిత అంత్యక్రియలు కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. ఫిట్జెరాల్డ్ 1940 డిసెంబరు 21న మరణించాడు. అప్పటికి ఈ నవలను పాఠకులు దాదాపు మరచిపోయారు. ఆచరణలో ఉన్న కతోలికుడు కాడన్న కారణాన తన తండ్రి సమాధి ఉన్న సెయింట్ మేరీ శ్మశానంలో అతనికి చోటు దొరకలేదు. 1975లో గాని అతని అవశేషాలను అక్కడికి మార్చలేదు. తలుపు తీయని మనుషులను గూర్చి వ్రాసినవాని ఎదుట సంఘం కూడా 35 సంవత్సరాలు తలుపు మూసి ఉంచిందన్నమాట.

మన పల్లెల్లో చావుకు మనుషులు రాకపోవటం అరుదు. కాని విదేశంలో చనిపోయినవారి విషయంలో కాగితాలు పూర్తయి శవపేటిక ఊరు చేరేసరికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. పెట్టె తెరవకుండానే భూస్థాపన చేయవలసి రావచ్చు. చనిపోయినవాని ముఖం, స్వరం, భయాలు ఎరుగని కాపరి ఆ సమాధి దగ్గర ఏమి చెప్పగలడు? బ్రతికి ఉండగా సంబంధం లేకపోతే మనమూ ఫ్లషింగ్ పాదిరి వలె గడియారం చూసుకొనేవారమే అవుతాం.

7. నవల పరిమితులు

ఈ నవలను మెచ్చుకుంటూనే దాని లోపాలను గుర్తించాలి. యూదుడైన వుల్ఫ్‌షీమ్ చిత్రణలో జాత్యహంకారం ఉంది; నల్లజాతివారు ఒకటి రెండు చోట్ల మాత్రమే కనబడతారు. గాట్స్‌బీ ఆశాభంగానికి కవిత్వం లభించింది. విల్సన్ దంపతుల ఆశాభంగానికి లభించలేదు. భార్యతో పడమటి ప్రాంతానికి వెళ్ళి కొత్త బ్రతుకు మొదలుపెట్టాలని విల్సన్ కూడా ఆశించాడు. అయినా అతనిని, మర్టిల్‌ను ఎక్కడ పాతిపెట్టారో, ఎవరు వచ్చారో నవల చెప్పదు. కోనసీమ పేటల నుండి చదివేవారు ఈ కథను భవంతి మేడ మీద నుండి కాక, బూడిద మైదానంలోని కారు షెడ్డు నుండి చదవాలి.

మరొకటి, ఈ నవలలో భ్రమ తొలగటం ఉంది గాని పునరుత్థానం లేదు. గతాన్ని తిరిగి తెచ్చుకోవచ్చని గాట్స్‌బీ నమ్మాడు. గతం మనుషులను వెనక్కి లాగుతూనే ఉంటుందన్న భావంతో నవల ముగుస్తుంది. క్రైస్తవ నిరీక్షణ గతాన్ని చెరపదు, తిరిగి తేదు, విమోచిస్తుంది. గాయాలతోనే లేచిన ప్రభువు దానికి సాక్షి.

8. సేవకులకు అన్వయం

మొదటిది, ఆశను పరీక్షించి బోధించాలి. పిల్లల చదువు, కురవని ఇల్లు, అప్పు లేని బ్రతుకు కోరటం ధనాపేక్ష కాదు. పొరుగువాని మెప్పుకోసం, అతనిని మించటం కోసం కోరటం వేరు. బుద్ధిహీనుడైన ధనవంతుని ఉపమానం (లూకా 12:13–21) కొట్లు నిండినవానికి చెప్పినది. కొట్టే లేనివాని మీద దానిని విసరరాదు. టామ్ బుకానన్ వంటివారికి వినిపించవలసిన ప్రసంగాన్ని గాట్జ్ వంటివారికి మాత్రమే వినిపించటం వాక్యానికి అన్యాయం చేయటమే.

రెండవది, సంఘంలోని కుర్చీలను పరిశీలించుకోవాలి. బంగారు ఉంగరం గలవానికి మంచి చోటు చూపవద్దని యాకోబు హెచ్చరించాడు (2:1–7). గల్ఫ్ నుండి వచ్చిన చందాకు శిలాఫలకం మీద పేరు చెక్కి, పంపలేనివాని పేరు సంఘం పుస్తకంలోనే వదిలివేస్తే, లోకం చెప్పిన అబద్ధాన్నే సంఘమూ ధ్రువపరచినట్లు: డబ్బు ఉంటేనే పేరు. ఐశ్వర్య సువార్త చేసే హాని కూడా ఇదే. అది గాట్స్‌బీ భ్రమకు బైబిలు అట్ట వేస్తుంది.

మూడవది, వెళ్ళినవారిని మందలోనివారిగానే లెక్కించాలి. ఫోనులో ప్రార్థన, ఇక్కడున్న పిల్లలకు సండేస్కూలులో ప్రత్యేక శ్రద్ధ, తిరిగి వచ్చి ఖాళీ చేతులతో నిలిచినవానికి సిగ్గుపరచని స్వాగతం పెద్ద నిధులు అవసరంలేని పరిచర్యలు. ఓడిపోయి తిరిగి వచ్చేవానికి సంఘంలో చోటు లేకపోతే అతడు తిరిగి రాడు, లేదా అబద్ధపు వైభవంతో వస్తాడు.

లాజరు ఉపమానంలో (లూకా 16:19–31) ఊదారంగు వస్త్రాల ధనవంతునికి పేరు లేదు. గుమ్మంలో పడిఉన్న దరిద్రునికి ఉంది. యేసు చెప్పిన ఉపమానాల్లో పేరుగల పాత్ర అతడొక్కడే, అబ్రాహాము తప్ప. లోకం ధనవంతుని పేరు జ్ఞాపకం పెట్టుకొని దరిద్రుని పేరు మరచిపోతుంది. ప్రభువు ఆ క్రమాన్ని తిరగవేశాడు. మన పేటల్లో పేరుకోసం పడుతున్న ఆరాటానికి సంఘం ఇవ్వగలిగిన జవాబు ఆ తిరగవేతలోనే ఉంది. ఆ జవాబును ప్రసంగంలో చెప్పేముందు హాజరు పుస్తకంలో, కుర్చీల వరుసలో, సమాధి తోటలో ఆచరించి చూపవలసిన బాధ్యత సేవకులది.